నిప్పు పాటకు అనుమతి
(తునిలో మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి చెప్పవలసిన వారు చెప్పారు. నన్ను మాత్రం ఏదైనా కొత్త సంగతి చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. అందుచేత నిప్పు గురించి చెబుతాను. కంగారు పడకండి. కాల్చే నిప్పు కాదు, పాడే నిప్పు.

నిప్పుకు గొంతు ఉన్నదని మనకు తెలియనిది కాదు. కట్టెల పొయ్యి బుసకొడితే చుట్టాలొస్తారని మా ఇంట్లో పెద్దవాళ్ళు అనేవారు. పెళ్ళిపందిట్లో పెట్రోమాక్సు లైటు రొద, వంటింట్లో కిరోసిన్ పంపు స్టవ్వు హోరు విన్నవాళ్ళమే. తుని స్టేషనులో బొగ్గింజను కూత వింటూ పెరిగిన తరం మనది. అయితే ఆ కూతలో నిప్పు నీటిని కాచింది, ఆవిరి కూత పెట్టింది. నేను చెప్పబోయేది ఆవిరి మధ్యవర్తిత్వం లేకుండా నిప్పు నేరుగా గాలిని పలికించే సంగతి.

మా మనవరాలు విశాఖపట్నంలో శిల్పకళ చదువుతోంది. తాను చేసిన శిల్పాన్ని ఒక ఆర్టు గ్యాలరీలో పెట్టాలని దాని కోరిక. శిల్పమంటే విగ్రహం కాదు. ఒక ఇనుప చట్రానికి నిలువుగా బిగించిన మూడు ఇనుప గొట్టాలు. ఒకటి 3 అడుగులు, ఒకటి 2 అడుగులు, ఒకటి అడుగున్నర. రెండు చివరలూ తెరిచే ఉంటాయి. ప్రతి గొట్టంలో కింది నుంచి నాలుగో వంతు ఎత్తున, అంటే వరుసగా 9, 6, నాలుగున్నర అంగుళాల దగ్గర, ఇనుప తీగ వల బిగించి ఉంటుంది. కింద గ్యాసు మంట పెట్టి, వల ఎర్రబడ్డాక మంట పక్కకు తీస్తే, గొట్టం శంఖం ఊదినట్టు పలుకుతుంది. కొన్ని సెకన్లు పాడి, వల చల్లారాక ఆగుతుంది. పాడే గొట్టాన్ని అడ్డంగా పడుకోబెడితే పాట ఆగిపోతుంది. వేడిగాలి పైకి సాగితేనే పాట.

ఆ పొడవులు ఊరికే పెట్టినవి కావు. గొట్టం పొడవు తగ్గితే స్వరం పైకి పోతుంది. మీటరు గొట్టమైతే మామూలు గాలిలో సెకనుకు సుమారు 170 కంపనాలు. గాలి వేడెక్కితే ఇంకొంచెం ఎక్కువ. మూడడుగుల గొట్టం షడ్జమం అనుకుంటే రెండడుగులది పంచమం, అడుగున్నరది పై షడ్జమం. మన తంబురా శ్రుతే. సరిగ్గా కుదరడానికి మాత్రం ఆకురాయితో చివరలు కొద్దికొద్దిగా అరగదీయాల్సి వచ్చింది.

ఇది దాని సొంత కల్పన కాదు. హైడ్రోజన్ మంట మీద గాజు గొట్టం పెడితే పాడుతుందని 1777లో హిగ్గిన్స్ అనే రసాయన శాస్త్రవేత్త గమనించాడు. వేడెక్కిన తీగ వలతోనూ ఆ పని జరుగుతుందని 1859లో హాలండు దేశపు రైకె చూపాడు. కారణం 1878లో ఇంగ్లండులో రేలీ ప్రభువు చెప్పాడు. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తేనే ఊపు పెరుగుతుంది కదా! గొట్టంలో గాలి నొక్కుకున్న క్షణంలో వేడి అందితే, అలాగే ధ్వని బలపడుతుంది. ఇదే ఊపు రాకెట్ ఇంజనులో వచ్చిందంటే ఇంజను పగిలిపోగలదు. అమెరికా వారు చంద్రుడి మీదికి పంపిన రాకెట్ ఇంజనులను పరీక్షించేటప్పుడు, లోపల చిన్న బాంబులు పేల్చి మరీ ఈ బెడద తీర్చుకున్నారు. మన శ్రీహరికోట రాకెట్లు కట్టేవారికీ తప్పని జాగ్రత్త ఇది.

ఈ మంటలతో వాద్యం కట్టినవాడు ఫ్రెంచి యువకుడు ఫ్రెడరిక్ కాస్ట్‌నర్. 1852లో పుట్టాడు. ఇరవై ఒక్క ఏళ్ళకే, 1873లో, తన పరిశోధనను పారిస్ సైన్సు అకాడమీ ముందు పెట్టాడు. దాని పేరు పైరోఫోన్. హార్మోనియం లాంటి మెట్లు, వాటిపైన గాజు గొట్టాలు, గొట్టాలలో మంటలు. మంటలు దగ్గరగా కలిసి ఉంటే మౌనం. మెట్టు నొక్కితే మంటలు విడిపోతాయి, గొట్టం పాడుతుంది. వేలు తీస్తే మళ్ళీ కలుస్తాయి, మౌనం.

మిత్రులారా, ఆ కుర్రవాడి వాద్యం గురించి 1875లో లండనులో పెద్దల సభలో ఉపన్యసించినది ఎవరో తెలుసా? హెన్రీ డ్యూనాంట్. రెడ్‌క్రాస్‌కు పునాది వేసిన డ్యూనాంటే. 1859లో సోల్ఫెరినో యుద్ధభూమిలో క్షతగాత్రులను చూసి చలించినవాడు. 1867లో దివాలా తీసి, స్వంత ఊరు జెనీవాకు దూరమై, పేదరికంలో పడ్డాడు. అప్పుడు కాస్ట్‌నర్ తల్లి అతనికి ఆసరా అయ్యారు. తనకంటే ఇరవై నాలుగేళ్ళు చిన్నవాడి పనిని తన పనిగా భావించి, అతని తరఫున నలుగురి ముందు నిలబడ్డాడు. కాస్ట్‌నర్ 1882లో ముప్పై ఏళ్ళకే పోయాడు. డ్యూనాంట్‌కు 1901లో మొదటి నోబెల్ శాంతి బహుమతి దక్కింది.

ఇక మా ఇంటి సంగతి. గ్యాలరీ వారు మనవరాలి దరఖాస్తుకు ఒక్క ముక్కలో జవాబిచ్చారు: సందర్శకుల భద్రత దృష్ట్యా అనుమతించలేము. మా కోడలు కూడా, "తుని వాళ్ళం, నిప్పు ప్రదర్శన అంటే జనం ఏమనుకుంటారు?" అన్నది. 2016 జనవరి 31న మన ఊళ్ళో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడిన దృశ్యం దేశమంతా టీవీల్లో చూసింది. ఆ రోజు ఆకాశం నల్లబడటం మనం కళ్ళారా చూశాం. దాని చర్చకు ఇది వేదిక కాదు గాని, కోడలి భయం ఉత్త భయమని నేననలేను. వేసవిలో తాటాకిళ్ళు కాలడం చూసిన జిల్లా మనది. గ్యాలరీ వారి భయమూ న్యాయమైనదే.

దరఖాస్తు తెప్పించి చదివాను. అందులో అగ్ని తత్త్వం ఉంది, మౌనం ఉంది, కాలం ఉంది. సిలిండరు ఎక్కడ పెడతారో లేదు. "అమ్మలూ, సంతకం పెట్టేవాడికి నీ కవిత్వం కాదు, రేపు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదో కావాలి" అన్నాను. తాలూకా ఆఫీసులో నేర్చిన విద్య బయటికి తీశాను. విషయము, సూచిక, ఆ కింద అంశాలు ఒకటి నుంచి ఏడు. హాలులో కాదు, పై కప్పు లేని పెరట్లో ప్రదర్శన. సిలిండరు గోడ అవతల. చుట్టూ రెండు మీటర్ల దూరాన తాడు. ఇసుక బకెట్లు నాలుగు, మంటలార్పే సిలిండరు ఒకటి. గంటకు పది నిమిషాలు మాత్రమే. మంట దగ్గర ఇద్దరు, నూలు బట్టలతో. ఏడవది, గొట్టాల పక్కన ఒక బోర్డు: "పాట ఆగింది, గొట్టం చల్లారలేదు. ముట్టుకోరాదు."

మూడు రోజులకు అనుమతి వచ్చింది.

నేనూ వెళ్ళాను. మొదటి గొట్టం పలికేసరికి ముందున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. మూడూ కలిసి శ్రుతి పట్టేసరికి ఎవరూ మాట్లాడలేదు. వెనక బల్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడ మూడో విడతకు తాడు దాకా వచ్చి నిలబడ్డారు. గాజు బీరువాలో చల్లగా పెట్టి, కింద చీటీ అంటించి ఉంటే అది మూడు ఇనుప గొట్టాలే. నిప్పు తగిలితేనే శిల్పం. ఆ నిప్పును లోపలికి రానిచ్చింది ఆ ఏడు అంశాల కాగితం.

అందుకని నా మనవి ఒక్కటే. మనలో ముప్పై ఏళ్ళు డ్రాఫ్టులు రాసినవాళ్ళం ఉన్నాం. ఏ అభ్యంతరం ఎక్కడ నుంచి వస్తుందో ముందే తెలిసినవాళ్ళం. ఊళ్ళో ఏ పిల్లవాడో కొత్త పని తలపెట్టి ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, "మాకెందుకు" అనకండి, "వద్దు" అనీ అనకండి. ఆ కాగితం తీసుకుని, ప్రమాదం ఉన్నచోట ప్రమాదమనే రాసి, దానికి తగిన జాగ్రత్త పక్కన చేర్చి పంపండి. డ్యూనాంట్ అంతటివాడే ఒక కుర్రవాడి తరఫున నిలబడ్డాడు. పెన్షన్ కాగితాల మధ్య మనకు ఆ మాత్రం తీరిక ఉంటుంది.