చందా పట్టీ



చట్టము శాసనసభలో పుట్టునని మనము బడిలో చదువుకొంటిమి. న్యాయస్థానములలో ఇరువదేండ్లు తిరిగిన మాకు ఆ సంగతి సగమే నిజమని తోచుచున్నది.

మన జహీరాబాదు ముచ్చటనే చూడుడు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో పరిశ్రమల కొరకు, జనులు నిమ్జ్ అను దాని కొరకు, ప్రభుత్వము వేల యెకరములు సేకరింప బూనినది. 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము భూమి గలవానికే గాక, ఆ భూమిలో కూలి చేసి బ్రదుకువానికిని పునరావాసము చూపవలెను. పెట్టుబడిదారుల సంఘముల కిది మొదటినుండియు కంటకమే. 2015 జూలై 30 నాటి 123వ జీవో పట్టాదారుతో నేరుగా బేరమాడి భూమి కొను దారి తెరచినది. పట్టా లేని కూలివానికి ఆ బేరమున చోటేది? ఆ కూలీలే హైకోర్టు మెట్లెక్కిరి. 2016 ఆగస్టు 3న న్యాయమూర్తి యా జీవోను కొట్టివేసిరి. ప్రభుత్వ మప్పీలు చేసెను, క్రొత్త ఉత్తరువులు తెచ్చెను. తుదకు 2017లో చట్టమునకే సవరణ చేయించి, పారిశ్రామిక కారిడార్ల వంటివానిని సామాజిక ప్రభావ విచారణనుండి మినహాయించు నధికారమును పొందెను.

ఆ 2017లోనే ఢిల్లీలో మరియొక మార్పు జరిగినది. అంతవరకు కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో నూటికి ఏడున్నర వంతులకు మించి పార్టీల కీయరాదు. ఆ హద్దు చెరిపివేసిరి. మరుసటి యేట ఎన్నికల బాండ్లు వచ్చెను. ఇచ్చినవాడెవడో బ్యాంకు నెరుగును, పుచ్చుకొన్న పార్టీ యూహించుకొనగలదు, ఓటరొక్కడే యెరుగరాదు! 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ ఈ పద్ధతిని రద్దుచేసిరి. పట్టీలు బయటపడినవి. హైదరాబాదు మేఘా ఇంజనీరింగు కంపెనీ కొన్నవి 966 కోట్లు. దేశమున రెండవ స్థానము. 2019 ఏప్రిల్ మొదలు భారతీయ జనతా పార్టీ పుచ్చుకొన్నవి ఆరువేల కోట్లకు పైన, కాంగ్రెసు 1,400 కోట్లకు పైన, 2023 దాక మన రాష్ట్రము నేలిన భారత రాష్ట్ర సమితి 1,200 కోట్లకు పైన. ఎవరిని చూచి యెవరు నవ్వవలెను?

ఈ చందాలకును మన భూములకును లంకె యున్నదని మే మనుట లేదు. ఋజువు లేక మాటాడుట మా వృత్తికి తగదు. కాని చట్టము మారునపుడు ఎవరి సొమ్ము ఎవరి పెట్టెలో నున్నదో అడుగుటకైన వీలు లేకపోయెను గదా!

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము జహీరాబాదునకు పారిశ్రామిక నగరమును మంజూరు చేసినది. ఇరువదివేల రూపాయలకు మించిన చందాల పట్టీని పార్టీలు ఏటేట ఎన్నికల సంఘమునకు సమర్పింపవలెను. ఆ పట్టీల ప్రతులు ఈ పఠనమందిరపు బల్లపై నుంచుడు. స్థలముల కేటాయింపు ఉత్తరువులు వెలువడిన నాడు రెంటిని ప్రక్కప్రక్కన పరచి చదువుదము.