మలేరియా క్రిమికి నూలు అందకుండా చేయాలంటే
(వార్షికోత్సవ సభలో ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వార్షికోత్సవం అంటే సన్మానాలు, స్కాలర్‌షిప్పులు మామూలే. ఈసారి మలేరియా గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు మాకు అప్పజెప్పారు. కామాఠిపురా గల్లీల్లో గానీ, వర్లీ, ప్రభాదేవి చాళ్ళలో గానీ వానాకాలం వచ్చిందంటే చలిజ్వరం మాట వినని ఇల్లుండదు.

మన పూర్వులు నిజాం ఇలాకా నుంచి కామాఠీలుగా వచ్చి ఈ నగరం కట్టారు. తర్వాత వచ్చినవాళ్ళు మిల్లుల్లో సాంచాలు నడిపారు. నీళ్ళు నిలిచిన చోటల్లా దోమ కూడా మన వెంటే ఉంది. 1911లో డాక్టర్ చార్లెస్ బెంట్లీ బొంబాయి మలేరియా మీద రాసిన నివేదికలో ఇళ్ళ బావులనే వేలెత్తి చూపాడు. ఆ దోమ పేరు అనాఫిలిస్ స్టీఫెన్సై. ఇప్పుడు బావులు పోయి మేడమీది ట్యాంకులు, కట్టుబడి సైట్ల గుంతలు వచ్చాయి. దోమ మాత్రం అదే. అంతకు ముందే, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఈ క్రిమిని కనిపెట్టాడు.

దోమ సంగతి మనకు తెలుసు. ఒంట్లోకి వచ్చాక ఆ క్రిమి ఎట్లా బతుకుతుందో చాలామందికి తెలియదు. అది మన వృత్తి భాషలోనే చెప్తాం.

ప్రతి ప్రాణికీ డీఎన్‌ఏ కావాలి. దాంట్లో నాలుగు అక్షరాలుంటే, రెండు ప్యూరిన్లు అనే పదార్థాలవి. ప్యూరిన్లంటే నూలనుకోండి. మన శరీరం పత్తి నుంచి నూలు వడికినట్టు, చిన్న చిన్న పదార్థాల నుంచి ప్యూరిన్లను సొంతంగా తయారు చేసుకుంటుంది. మలేరియా క్రిమికి వడకడం రాదు. మన ఎర్ర రక్తకణంలో చొరబడి, అక్కడున్న హైపోజాంథిన్ అనే ప్యూరిన్‌ను లాక్కుని, దాంతోనే తన బట్ట నేసుకుంటుంది. ఒక కణంలో దూరిన ఒక్క క్రిమి రెండు మూడు రోజుల్లో పిల్లలు పెట్టి ఆ కణాన్ని పగలగొడుతుంది. చలి, వణుకు, జ్వరం అప్పుడే వస్తాయి. అన్ని పిల్లలకీ డీఎన్‌ఏ కావాలంటే ఎంత నూలు కావాలో చూడండి! ఆ నూలు అందకపోతే దాని మగ్గం ఆగుతుంది.

లాక్కున్న ప్యూరిన్‌ను వాడుకోదగ్గ రూపంలోకి మార్చే పనివాళ్ళు ఎంజైములు. వాటిలో ఒకటి జీఎంపీ సింథటేజ్. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో హేమలత బలరాం గారి బృందం, ఫ్రాన్స్‌లోని లియాన్ శాస్త్రవేత్తలతో కలిసి, ఫాల్సిపేరం మలేరియా క్రిమిలోని ఈ ఎంజైము రూపాన్ని 2015లో ప్రకటించింది.

రూపం చూడడమెట్లా? ఎంజైమును శుద్ధి చేసి, కలకండ పలుకుల్లా స్ఫటికాలు కట్టిస్తారు. వాటి మీద ఎక్స్‌రేలు పంపిస్తే, అవి చెదిరిన తీరును బట్టి లోపల ఏ అణువు ఎక్కడుందో లెక్కగడతారు.

ఈ ఎంజైములో రెండు భాగాలు. మొదటి భాగం గ్లుటమిన్ అనే పదార్థం నుంచి అమ్మోనియా తీస్తుంది. రెండో భాగం ఎక్స్‌ఎంపీ అనే ప్యూరిన్ పదార్థాన్ని ఏటీపీ సాయంతో సిద్ధం చేసి ఉంచుతుంది. అమ్మోనియా వచ్చి దానికి అతుక్కుంటే జీఎంపీ అవుతుంది. అమ్మోనియా దారిలో నీళ్ళలోకి జారిపోతే పనికి రాకుండా పోతుంది. మరి చేతి నుంచి చేతికి ఎట్లా అందుతుంది? వేరే జీవుల్లో ఇదే ఎంజైముకు అంతకు ముందు తీసిన బొమ్మల్లో రెండు భాగాల పనిచోట్లు దూరంగా ఉన్నాయి, మధ్యలో దారి లేదు.

బెంగళూరు, లియాన్ వాళ్ళు ఒక ఉపాయం చేశారు. గ్లుటమిన్‌ను కోసే 89వ స్థానంలోని సిస్టీన్‌ను మార్చేశారు. దాంతో గ్లుటమిన్ వచ్చి కూర్చుంది గానీ పని ముందుకు సాగలేదు. నడుస్తున్న మగ్గాన్ని ఆపి, నాడె ఎక్కడుందో చూసినట్టన్నమాట. చూస్తే, మొదటి భాగం 85 డిగ్రీలు తిరిగి ఉంది! ఆ తిరుగుడు వల్లనే రెండు భాగాల పని ఒకదానితో ఒకటి కుదురుతున్నదని వాళ్ళు చెప్పారు.

ఇదే ఎంజైము మనిషిలోనూ ఉంది. అందుకే క్రిమిదాన్ని ఆపి మనదాన్ని ముట్టని మందు కావాలి. అందుకు దాని ఆకారం, కదలిక తెలియాలి. ఈ బొమ్మ నుంచి ఇంకా మందు రాలేదు. దారి మాత్రం కనిపించింది. ఇందాక చెప్పిన ఏటీపీ కూడా ప్యూరిన్ ఉన్న పదార్థమే. దాన్ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనిపెట్టినవారు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. మన పిల్లలు కూడా ఆ బల్లల దగ్గర కూర్చోవాలని మా కోరిక.

కొత్త మందు వచ్చేదాకా ఉన్న మందులే మనకు దిక్కు. మనవాళ్ళు నష్టపోయేది అక్కడే. జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోకుండా మందుల షాపులో రెండు గోళీలు కొనుక్కోవద్దు. వైవాక్స్ రకమైతే క్రిమి కాలేయంలో నిద్రపోయి, నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. దానికోసమే క్లోరోక్విన్ మూడు రోజులైనా, ప్రైమాక్విన్ 14 రోజులు మింగమంటారు. మూడో రోజు జ్వరం తగ్గిందని, ఊళ్ళో పెళ్ళి ఉందని మందు ఆపితే ఆ జ్వరం మనతో కరీంనగర్ దాకా వస్తుంది. గర్భిణులకు ప్రైమాక్విన్ ఇవ్వరు, కొందరి ఒంటికి పడదు కూడా. అందుకే డాక్టర్‌ను అడిగే వాడాలి.

ఇంటి ట్యాంకుకు మూత, వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి తోమడం, జ్వరమొస్తే పరీక్ష, రాసిన మందు ఆఖరి గోళీ దాకా. ఈ నాలుగూ ప్రతి చాల్ కమిటీ తన బాధ్యతగా తీసుకోవాలని మా మనవి.