ఇల్లే దారి ఇవ్వాలి

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

 

ఈ రోజు ఇంటి గురించి మాట్లాడుకుందాం. చక్రాల కుర్చీ తిరిగే ఇల్లు ఎలా ఉండాలి? అదీ మన విషయం.

నడవలేనివాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. కొందరికి చిన్నప్పుడు పోలియో వచ్చింది. కొందరికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. కొందరు తాటిచెట్టు మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నారు. వాళ్లకు కుర్చీ వస్తుంది. కానీ అది గడప దగ్గర ఆగిపోతుంది. మరుగుదొడ్డి తలుపులో పట్టదు. చివరికి దాని మీద బట్టలు ఆరేస్తాం. మనిషి మాత్రం మంచం మీదే ఉండిపోతుంది.

అప్పుడేమవుతుంది? ఒక చెల్లెలు ఉందనుకుందాం. దొడ్డికి పోవాలంటే ఆమెను ఇద్దరు ఎత్తుకెళ్లాలి. పగలు అందరూ కూలికి పోతారు. ఇరుగుపొరుగును అడగటానికి ఆమెకు సిగ్గు. అందుకని నీళ్లు తాగటం తగ్గిస్తుంది. దాంతో మూత్రంలో మంట, జబ్బు వస్తాయి. కదలకుండా పడుకుంటే నడుముకీ పిరుదులకీ పుండ్లు పడతాయి. అవి ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. చూశారా, మూడంగుళాల గడప ఎంత పని చేసిందో!

ఆమె కాళ్లను మనం మార్చలేం. ఇంటిని మార్చగలం.

ముందు ఒక టేపు తీసుకోండి. అంకెలు మనకిప్పుడు వచ్చు కదా! కుర్చీ వెడల్పు కొలవండి. మామూలుగా రెండడుగులకు పైనే ఉంటుంది. చక్రం తిప్పే చేతులకూ చోటు కావాలి. అందుకే తలుపు దారి మూడడుగులుంటే మంచిది. గదిలో కుర్చీ తిరగటానికి ఐదడుగుల చోటు ఖాళీగా ఉంచండి. పెట్టెలూ బస్తాలూ పక్కకు జరపండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక మెట్లు. మెట్ల పక్కన వాలు కట్టించాలి. ఎంత పొడవు? లెక్క తేలిక. ఎన్ని అంగుళాల ఎత్తో, అన్ని అడుగుల పొడవు. అరుగు 18 అంగుళాల ఎత్తుంటే వాలు 18 అడుగులు. మేస్త్రి తగ్గిద్దామంటాడు. ఒప్పుకోకండి. వాలు నిటారుగా ఉంటే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. చోటు చాలకపోతే మధ్యలో ఐదడుగుల చదును వేసి మలుపు తిప్పమనండి. వెడల్పు నాలుగడుగులు ఉండాలి. అంచుల వెంట చిన్న గట్టు కట్టించండి. పైన నున్నగా చేయించకండి. వానకు జారుతుంది.

"గడప తీసేస్తే అరిష్టం కాదా?" అంటారు పెద్దవాళ్లు. తీయక్కరలేదు. గడపకు అటూ ఇటూ ఏటవాలు చెక్కలు పెట్టించండి. ఇక్కడా అదే లెక్క. మూడంగుళాల గడపకు మూడడుగుల చెక్క. గడప పైభాగం కనిపిస్తూనే ఉంటుంది. పసుపు రాసుకోవచ్చు.

మరుగుదొడ్డి సంగతి. కుర్చీ ఎత్తులో కూర్చునే దొడ్డి ఉంటే ఆమె పక్కకు జరిగి తనే కూర్చోగలదు. మామూలు దొడ్డి అయితే, మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీని దాని మీద వేసుకోవచ్చు. గోడకు ఇనుప గొట్టం బిగించండి. మనిషి బరువంతా వేసినా అది ఊడకూడదు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లేకపోతే ఆమె లోపల పడినప్పుడు తలుపు తీయటం కష్టం.

వంట చేయాలని ఆమెకూ ఉంటుంది. రెండున్నర అడుగుల ఎత్తులో బండ వేయించండి. కింద మోకాళ్లు పట్టేంత ఖాళీ వదలండి. ఉప్పూ పప్పూ డబ్బాలు చేతికందేలా పెట్టండి.

ఇవన్నీ చేసే ముందు ఆమెను అడగండి. గొట్టం ఏ చేతి వైపు కావాలి? పక్షవాతం వచ్చినవాళ్లకు బలమున్న చేతి వైపే ఉండాలి. ఆ సంగతి మేస్త్రికి తెలియదు. ఆమెకు తెలుసు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ వైద్యులు పరీక్షించి ధ్రువపత్రం ఇస్తారు. దానితో పేద కుటుంబాలు చక్రాల కుర్చీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. బడి, ఆసుపత్రి, పంచాయతీ ఆఫీసుల్లోకి వికలాంగులు వెళ్లే వీలుండాలని కూడా ఆ చట్టం చెబుతోంది. మనం అడగాలి.

వాలు కట్టటానికి డబ్బు లేదా? సంఘం నుంచి అప్పు ఇద్దాం. అందరం ఓ చెయ్యి వేద్దాం. ఇప్పుడు బయటికి వెళ్లేటప్పుడు ఈ గదికి ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. వచ్చే నెల సమావేశానికి ఆ చెల్లెలు కూడా రావాలి కదా!