రాగము పేరు – రాగము తీరు

నెల్లూరునకు తూర్పున సముద్రపుటొడ్డు గ్రామములలో రామమందిరము లేని యూరు అరుదు. మందిరమున్నచోట భజనగోష్ఠి యుండును. గోష్ఠి యున్నచోట కంచుతాళములు, మృదంగమో డోలకో, వానితోపాటు ఒక హార్మోనియము పెట్టె యుండును. మైపాడు చెంతనున్న మా గోష్ఠికిని అట్టి పెట్టె యొకటి కలదు. దానికి శత్రువు ఉప్పుగాలి. ఎంత గుడ్డ కప్పి దాచినను, రెండు వానకాలములు గడచుసరికి లోపలి యిత్తడి రీడులు చిలుమెక్కును, తిత్తి మడతలు చీలును.

ఒక ముక్కోటి యేకాదశి రాత్రి, జాగరణభజన మొదలిడబోవు వేళ, ఆ పెట్టె మొరాయించినది. ఒక మెట్టు నొక్కకయే కూయసాగినది. షడ్జము పలుకవలసిన మెట్టు నోరు విప్పలేదు. మేము పండ్రెండుగురము, ఏండ్ల తరబడి పాడుచున్నవారము. అయినను ఆ రాత్రి తలకొక శ్రుతి యెత్తుకొని, రెండు చరణములు దాటకుండగనే ఆగిపోతిమి. మందిరపు మూల కూర్చున్న యొక ముసలమ్మ, "పెట్టి మూగబోతే మీరు గూడా మూగబోవాల్నా నాయనా?" అని, తానే గొంతెత్తి రామనామ మందుకొన్నది. ఆమె యెత్తిన శ్రుతిలోనే తెల్లవాఱు వఱకు పాడితిమి.

ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. శ్రుతి పెట్టెలో నున్నదా, మాలో నున్నదా? దీనికి సమాధానము మేము వెదకనిచోట, పరుల కీర్తనములో, మాకు దొరకినది.

తరువాతి యేడు మాలో కొందఱము బాసర సరస్వతీ దర్శనము చేసికొని, అదే గోదావరి యొడ్డున ఎగువనున్న నాందేడునకు వెళ్ళితిమి. నాందేడు 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. సిక్కుల పదవ గురువు గోవిందసింహుడు 1708లో దేహము చాలించిన పుణ్యస్థలమది. వేకువనే గురుద్వారమున కీర్తనము సాగుచుండెను. పాడువారిని వారు 'రాగులు' అందురు. మనము సంకటి చేసికొను రాగులు కావు. రాగము నెఱిగినవారని యర్థము. ఇరువురు హార్మోనియము వాయించుచు పాడుచుండిరి, ఒకరు తబలా. వారి వెనుక ఒక యువకుడు దిల్రుబా యను తంత్రీవాద్యమును కమానుతో పలికించుచుండెను. పెట్టె స్వరమునుండి స్వరమునకు దుముకుచుండగా, ఆ తీగ నడుమనున్న దారి నంతయు నడచుచుండెను. కీర్తనము ముగిసిన పిమ్మట అతనితో మాటాడితిమి. మొదటి ఆఱు మాసములు గురువు తన్ను దిల్రుబాను తాకనీయలేదనియు, తంబురతో గొంతు కలుపుటయే నేర్పెననియు అతడు చెప్పెను.

అది మొదలు ఈ సంప్రదాయమును గుఱించి తెలిసికొన యత్నించితిమి. సిక్కుల పవిత్రగ్రంథమైన గురుగ్రంథసాహెబు 1430 పుటలది. అయిదవ గురువు అర్జునుడు 1604లో దాని తొలి రూపమును కూర్చెను. నిత్యపారాయణ భాగమును, చివరి భాగమును విడిచినచో, తక్కిన గ్రంథమంతయు విషయమును బట్టి గాక రాగములను బట్టి విభజింపబడినది. శ్రీరాగముతో మొదలై జైజైవంతితో ముగియు 31 రాగములు. గురువుల పదములతోపాటు కబీరు, నామదేవుడు, జయదేవుడు, షేక్ ఫరీదు మున్నగువారి పదములును అందున్నవి. పదము తలపై రాగము పేరుండును. మన పల్లవివలె మరలిమరలి పాడవలసిన చరణమునకు 'రహాఉ' అను గుర్తుండును. రాగమునకు వేళయు కలదు. ఆసా రాగమున కూర్చిన 'ఆసా దీ వార్' వేకువను పాడుదురు. వసంతరాగము వసంత ఋతువునకు, మల్హారు వర్షర్తువునకు చెందినవి.

ఈ గానమునకు తొలి తోడు రబాబు. గురు నానకు (1469–1539) దేశములు తిరుగుచు పాడినప్పుడు వెంటనుండి రబాబు మీటినవాడు మర్దానా యను ముసల్మాను. రబాబు చర్మము బిగించిన కొయ్య కడుపు గలది. తంత్రులను మీటి వాయింతురు. సరందా కమానుతో వాయించునది. నెమలి యాకారమున చెక్కిన తావూసు, దానికంటె తేలికయైన దిల్రుబా తరువాత చేరినవి. తాళమునకు జోడీ. మన మృదంగపు తొప్పికి రవ్వముద్ద అంటించినట్లే, జోడీ యెడమవైపునకు గోధుమపిండి ముద్ద అద్దుదురు.

మరి వీని స్థానమున పెట్టె యెట్లు వచ్చినది? హార్మోనియము ఐరోపాలో పుట్టినది. నేలపై కూర్చుండి, ఒక చేత తిత్తి నాడించుచు మఱియొక చేత వాయించు రూపమును 1875 ప్రాంతమున కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ దిద్దెను. అది వెంటనే పలుకును, మాటిమాటికి శ్రుతి చేయ నక్కఱలేదు, సాధన స్వల్పము. నాటకశాలలో, భజనమందిరములో, గురుద్వారములో ఒకే రీతిగా ప్రవేశించినది. తరతరాలుగా గురుద్వారములలో పాడుచు వచ్చిన ముసల్మాను రబాబీలలో పెక్కుమంది 1947 దేశవిభజనతో పాకిస్తానమునకు తరలిపోయిరి. వాద్యము మాఱుటయే గాక, నేర్పువారి పరంపరయు చాలవఱకు తెగినది.

విదేశీ వాద్యమగుటయే హార్మోనియము దోషమని కొందఱందురు. ఆ మాట నిలువదు. ఫిడేలును విదేశీయే. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు 19వ శతాబ్ది ఆరంభమున దానిని మన సంగీతమున కలవఱచెను. ద్వారము వేంకటస్వామినాయుడుగారి చేతిలో అది తెలుగువారి సొత్తైనది. ఫిడేలుపై వ్రేలు జాఱును, గమకము పలుకును. పెట్టెలో మెట్టు మెట్టే. అంతేకాదు, తంబుర మంద్రతంత్రిని మీటి చెవి యొగ్గినచో షడ్జములోనుండి గాంధారము తనంతట వినవచ్చును. పెట్టె గాంధారము దానికంటె రవంత హెచ్చు. ఇట్టి కారణములచేతనే 1940లో రేడియో సంగీతప్రసారములలో హార్మోనియమును నిషేధించిరి. 1971లో గాని ఆ కట్టడి సడలలేదు.

ఇపుడు సిక్కులు తమ తంత్రులను తిరిగి చేపట్టుచున్నారు. పంజాబులోని భైణీ సాహెబున నామధారి గురువు జగజీత్ సింగు (1920–2012) ఎందఱో బాలురకు తావూసు, దిల్రుబా నేర్పించెను. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయమున గురుమత సంగీతమునకు ప్రత్యేకశాఖ యేర్పడినది. అమృతసరపు స్వర్ణమందిరమున మూడేండ్లలో క్రమముగా హార్మోనియమును తగ్గించి తంత్రీవాద్యములను నిలుపవలెనని 2022లో అకాల్ తఖ్త్ ఆదేశించినది. దానిపై భిన్నాభిప్రాయములును వెలువడినవి. పెట్టెతోనే భక్తిగా పాడి జీవితము గడపినవారి బాధయు సహజమే కదా!

ఇందు మన కేమి సంబంధమని శ్రోతలు అడుగవచ్చును. వెలిగొండల కావల, రాజంపేట చెంతనున్న తాళ్ళపాకను తలచుకొనుడు. అన్నమాచార్యులు (1408–1503) నానకుతో కొంతకాలము సమకాలికుడు. తిరుమల సంకీర్తన భాండారమున దొరకిన రాగిరేకులపై ప్రతి సంకీర్తనమునకు రాగము పేరు చెక్కబడి యున్నది. స్వరములు మాత్రము లేవు. గురుగ్రంథమునను అంతే. రేకు చెక్కుచెదరలేదు, కాని పాడు గొంతుల వరుస తెగినది. కనుకనే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు ఆ సంకీర్తనములకు క్రొత్తగా స్వరరచన చేయవలసి వచ్చినది. గురుగ్రంథమున రాగము పేరు ప్రక్కన 'ఘరు' అను మాటయు ఒక సంఖ్యయు పెక్కుచోట్ల కనబడును. అది తాళమునకు సంబంధించినదని పలువురి మతము, కాదని కొందఱి మతము. అక్షరము నిలిచినది, అర్థము వివాదమైనది.

పేరు నమ్మి రాగము పాడినచో మోసపోవుదుము. వారి బిలావలు మన శంకరాభరణమునకు చేరువ. కల్యాణము మన కల్యాణికి, జైజైవంతి మన ద్విజావంతికి చుట్టములు. కాని త్యాగరాజస్వామి పంచరత్నములలో అయిదవదైన 'ఎందరో మహానుభావులు' కృతి శ్రీరాగము వేఱు, ఉత్తరాది శ్రీరాగము వేఱు. మనది చతుశ్శ్రుతి రిషభము, శుద్ధమధ్యమము గలది. వారిది శుద్ధ రిషభము, ప్రతిమధ్యమము గలది. వారు తోడి యనునది మన చెవికి శుభపంతువరాళివలె వినబడును. పేరు పుస్తకమున దొరకును. తీరు మాత్రము ఒకరి గొంతునుండి మఱియొకరి చెవికి చేరవలసినదే.

ఈ విద్య నేర్చు క్రమమును అందుకు తగినట్లే యుండును. వేకువను మంద్రషడ్జము నిలుపుట మొదటిది. తరువాత అలంకారములు. ఆపైన ఒక్క రాగమును పట్టుకొని మాసముల తరబడి దాని సంచారములు పాడుట. పదమును తప్పులేక చదువుట వేఱుగా నేర్తురు. మాట తెలియక రాగము పాడుట వారికి సమ్మతము కాదు. ఇవి కుదిరిన పిమ్మటనే వాద్యము. ఆ యువకుని ఆఱు మాసముల మౌనమునకు అర్థమిదియే.

నాందేడునుండి తిరిగివచ్చి మేము పెట్టెను పాఱవేయలేదు. రీడులు తోమించి, తిత్తి కుట్టించితిమి. కాని మందిరమున ఒక పాత తంబురకు తీగలు మార్పించి నిలిపితిమి. శనివారము భజనకు ముందు పావుగంట పిల్లలు దాని చెంత కూర్చుండి షడ్జపంచమములు మాత్రము పాడుదురు. తొలి దినములలో నవ్వులు, గుసగుసలు. ఇపుడు ఇద్దఱు ముగ్గురు పెట్టె సాయము లేకయే శ్రుతి నందుకొనుచున్నారు. మా పెద్దలకు మాత్రము ఇంకను కుదురలేదు. ఆలస్యముగా మొదలిడితిమి.

ఉత్తరాది కీర్తనమును దగ్గఱగా వినగోరువారు నాందేడు వఱకు పోనక్కఱలేదు. 1832లో మహారాజా రంజిత్ సింగు పంపిన దళముతో వచ్చిన సిక్కుల సంతతివారు హైదరాబాదులో నేటికిని ఉన్నారు. వారి గురుద్వారముల ద్వారములు అందఱికిని తెఱచియే యుండును. తల కప్పుకొని, కాళ్ళు కడుగుకొని వెళ్ళి కూర్చుండిన చాలును.

మా యూరి ముసలమ్మ ఇపుడు లేదు. ఆమెకు రాగముల పేర్లు తెలియవు. ఆమె యెవరియొద్ద శ్రుతి నేర్చెనో మేము ఆమె యుండగా అడుగలేదు. ఆ తప్పు మీరు చేయకుడు. మీ యింట నట్టి గొంతు ఒకటి యున్నచో, ఈ సాయంకాలము రేడియో కట్టివేసి, ఆమె ప్రక్కన కూర్చుండుడు.