లెక్కలు రాని అమ్మ ఎక్కడుంది?

(ఒంగోలులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంట్లో లెక్కలు ఎలా నేర్పాలన్న చర్చ వచ్చినప్పుడల్లా తల్లులు అనే మాట ఒకటే: ‘మాకు లెక్కలెక్కడ వచ్చమ్మా, మేమేమన్నా చదువుకున్నామా!’ దీన్ని మనం వినయంగా భావించి వదిలేస్తున్నాం. ఆడవాళ్ళ తెలివిని తెలివిగా గుర్తించని సమాజం వాళ్ళ నోటితోనే పలికిస్తున్న మాట ఇది.

పత్తి తీతకు కిలోకి 12 రూపాయలు అనుకుందాం. 37 కిలోలు తీసిన స్త్రీ కాగితం, కలం లేకుండా తన కూలి ఎలా లెక్క వేసుకుంటుంది? 37 పదులు 370, 37 రెళ్ళు 74, మొత్తం 444. పన్నెండును పది, రెండుగా విడగొట్టి మళ్ళీ కలిపింది. బడిలో పదులు, ఒకట్లు అని మొదలుపెట్టేది ఈ పద్ధతినే. మిర్చి కాటా దగ్గర తరుగు ఎంత పోయిందో, పొదుపు సంఘంలో వడ్డీ ఎంత పడిందో చెప్పేదీ ఈమే.

బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో బజారులో సరుకులమ్మే ఐదుగురు పిల్లలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 1985లో వెలువడింది. బేరం మధ్యలో వాళ్ళు వేసిన లెక్కల్లో 98 శాతం సరైనవి. అలాంటి లెక్కలనే వట్టి అంకెలుగా ఇస్తే 37 శాతమే సరిగ్గా చేశారు. బతుకులో లెక్కకూ బడిలో లెక్కకూ మధ్య దారి తెగిపోయింది. దాన్ని కలిపే పని ఇంట్లోనే మొదలుకావాలి.

అందుకు ట్యూషన్లు అక్కర్లేదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని బియ్యం బిడ్డ చేతనే కొలిపించవచ్చు. చింతగింజలను పదేసి చొప్పున కుప్పలు పెట్టించి, మూడు కుప్పలూ నాలుగు గింజలూ కలిపి ఎన్నో అడగవచ్చు. అష్టాచెమ్మాలో, వామనగుంటల్లో బోలెడంత లెక్క ఉంది. బిడ్డ తప్పు చెబితే కొట్టకుండా, మొద్దు అనకుండా, ‘ఎట్లా వచ్చింది?’ అని అడగాలి. సరిగ్గా చెప్పినా అదే అడగాలి.

అయితే ఈ పని కూడా తల్లి నెత్తినే పడితే మనం చేసిందేమిటి? ఇంట్లో, పొలంలో చాకిరీ చేసి వచ్చిన మనిషిని జీతం లేని పంతులమ్మను చేయడమే. సంత నుంచి సంచి మోసుకొచ్చిన తండ్రి ఆ ధరలు బిడ్డతో కూడించలేడా? కొడుకును పలక ముందు కూర్చోబెట్టి, కూతురిని గిన్నెల దగ్గరికి పంపడం కూడా ఆగాలి.

2020లో అమ్మఒడి వచ్చింది, 2025లో తల్లికి వందనం వచ్చింది. డబ్బు వేయడానికి తల్లి ఖాతా కావలసి వచ్చింది. ఆమె తెలివి ఎవరికీ అక్కరకు రాలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. సంతకం పెట్టి వచ్చేయడంతో ఆ సభ్యత్వం ముగిసిపోకూడదు. మా పిల్లల్లో ఎంతమందికి ఇరవై లోపు కూడికలు వచ్చు? రానివారికి ఏం చేస్తున్నారు? కర్నూలు వైపు నుంచి మిరపకోతలకు వలస వచ్చిన వాళ్ళ పిల్లలను బడిలో చేర్చుకున్నారా? ఇవి అడగడం తల్లుల హక్కు.

మీ గ్రామంలో జరగబోయే కమిటీ సమావేశానికి కనీసం ఇద్దరు తల్లులను ఈ మూడు ప్రశ్నలతో పంపండి. వాళ్ళ వెంట మీరూ వెళ్ళండి.