గ్రేడు పరీక్ష, బడి పరీక్ష

లండనులో కాపురమున్న మిత్రుడొకరు ఈ మధ్య నాకొక సందేహం వ్రాశారు. ఆయన కుమార్తెకు పధ్నాలుగో ఏడు. పియానోలో అయిదవ గ్రేడు నెగ్గింది. పై తరగతులలో చదువవలసిన విషయాలను బడిలో ఇప్పుడే ఎన్నుకోవాలి. "గ్రేడు పరీక్షలు ఇస్తూనే ఉన్నది గదా, బడిలో మళ్లీ సంగీతమెందుకు? ఆ చోట మరొక విషయం చదివితే లాభం గదా!" అని తండ్రిగారి వాదన. అమ్మాయి మాత్రం సంగీతమే కావాలంటున్నదట. ఇది ఒక్క ఇంటి తగవు కాదు. హైదరాబాదులోనూ మన పిల్లలు ట్రినిటీ కళాశాలవారి గ్రేడు పరీక్షలకు కూర్చుంటున్నారు. కనుక ఆ పరీక్షలు దేనిని కొలుస్తున్నవో మనమూ తెలుసుకోవడం మంచిది.

గ్రేడు పరీక్షలు ఇంగ్లండులో పాతవే. రాయల్ అకాడమీ, రాయల్ కళాశాల అనే రెండు సంగీత విద్యాలయాలు కలిసి 1889లో ఒక పరీక్షామండలిని స్థాపించినవి. ఒకటి మొదలు ఎనిమిది వరకు మెట్లు. వయోనియమం లేదు, సిద్ధమైనవారు సిద్ధమైన మెట్టుకు కూర్చోవచ్చును. ఎదుట కూర్చున్న పరీక్షకుని ముందు మూడు రచనలు వాయించాలి. ఒక్కొక్కదానికి 30 మార్కులు. ఆపైన స్వరసాధన వరుసలకు 21, ఎన్నడూ చూడని స్వరలిపిని అప్పటికప్పుడు చదివి వాయించుటకు 21, శ్రవణ పరీక్షకు 18. మొత్తం 150కి 100 వస్తే ఉత్తీర్ణత, 120కి మెరిట్, 130కి డిస్టింక్షన్. ఆరవ మెట్టు ఎక్కవలెనంటే ముందు అయిదవ గ్రేడు సిద్ధాంత పరీక్ష నెగ్గడం సాధారణ నియమం. వాయించినదానిని చిత్రీకరించి పంపే మరొక పద్ధతి కూడా 2020లో వచ్చింది.

బడి పరీక్ష తీరు వేరు. పదహారేండ్ల ప్రాయంలో వ్రాసే జి.సి.ఎస్.ఇ. పరీక్ష మొదటిసారి 1988లో జరిగింది. అందులో వాద్యమో గాత్రమో వినిపించుటకు నూటికి 30 పాళ్లే. తానుగా స్వరరచన చేయుటకు మరొక 30. విని, గుర్తించి, విమర్శించుటకు 40. ఒంటరిగా వాయిస్తే చాలదు. కనీసం ఒక నిమిషమైనా ఇతరులతో కూడి వాయించాలి. స్వంత రచనలు రెండైనా ఉండాలి. ఆపైన, పద్ధెనిమిదేండ్లకు వచ్చే ఏ-లెవెల్ పరీక్షలోనూ ఈ మూడు అంగాలే మరింత లోతుగా ఉంటవి.

భేదం ఇక్కడ ఉన్నది. గ్రేడు పరీక్ష ఒక వాద్యం మీద చేయి ఎంతవరకు నడిచిందో కొలుస్తుంది. బడి పరీక్ష సంగీతమంటే ఏమిటో ఆ విద్యార్థి ఎంత విశాలంగా గ్రహించాడో కొలుస్తుంది. ఒకటి ఎత్తు, ఒకటి వెడల్పు. అర్హతల పట్టికలో ఆరు మొదలు ఎనిమిది వరకు గ్రేడులను ఏ-లెవెల్ ఉన్న మూడవ అంతస్తులోనే చేర్చారు. దీనిని చూచి రెండూ సమానమని భ్రమపడేవారున్నారు. అంతస్తు ఒకటే గాని పరిమాణం ఒకటి కాదు. విశ్వవిద్యాలయ ప్రవేశాల లెక్కలో ఎనిమిదవ గ్రేడు వాద్యపరీక్షలో డిస్టింక్షన్ వస్తే 30 పాయింట్లు. ఏ-లెవెల్ అత్యున్నత శ్రేణికి 56.

గ్రేడులనే నమ్ముకొన్నవారికి ఒక ప్రమాదమున్నది. ఏడాదికి మూడు రచనలు మాత్రమే రుద్ది రుద్ది, పరీక్ష కాగానే మరొక మూడింటికి పోయే పిల్లలున్నారు. ఎనిమిది మెట్లూ ఎక్కి, స్వంతంగా నాలుగు స్వరాలు కూర్చలేనివారున్నారు. బడినే నమ్ముకొన్నవారికి మరొక లోపం. అక్కడ తరగతి అంతటికీ పాఠం చెప్పగలరు గాని, ఒక్కొక్కరి వేళ్లను దిద్దేటంత సమయం ఉండదు. ఆ సాధనకు గురువు కావాలి. గురువుకు రుసుము కావాలి.

ఈ రుసుము మాట వద్దనే అసలు చిక్కు ఉన్నది. ప్రభుత్వపు బడిలో సంగీత తరగతికి రుసుము లేదు. ఇంట గురువును పెట్టుకోలేని పిల్లకు అదొక్కటే ద్వారం. ఇంగ్లండులో 2010 తరువాత బడుల యోగ్యతను కొలిచే ముఖ్య విషయాల జాబితాలో సంగీతం చేరలేదు. ఏ-లెవెల్ సంగీతానికి కూర్చునేవారు నాటికంటె బాగా తగ్గారు. గ్రేడులున్న పిల్లలు కూడా "మాకు అక్కరలేదు" అని తప్పుకొంటే, చాలినంతమంది లేరని ఆ తరగతి ఎత్తివేస్తారు. అప్పుడు నష్టపోయేది తప్పుకొన్న పిల్ల కాదు, వేరే దారి లేని పిల్ల.

రేడియోలో పనిచేసే మాకు ఈ భేదం కొత్తది కాదు. మన సంగీత కళాశాలలు సర్టిఫికెట్లు, డిప్లొమాలు ఇస్తున్నవి. అయినా ఆకాశవాణి పాడించే ముందు ఆడిషన్ వేరుగా జరుపుతుంది. బి, బి-హై, ఏ, టాప్ అని శ్రేణులు ఇస్తుంది. డిప్లొమా చదువును చెబుతుంది, ఆడిషన్ ఆనాటి గొంతును చెబుతుంది. ఒకదానికి బదులు మరొకటి చూపుదామంటే కుదరదు. రెండూ ఉన్న కళాకారుని కచ్చేరీకి నిండుదనం వస్తుంది.

మిత్రునికి ఇదే వ్రాశాను. "అమ్మాయిని బడిలో సంగీతం తీసుకోనీయండి. ఆరవ గ్రేడు ఒక ఏడు ఆలస్యమైనా కొంప మునగదు. దానికి వయసుతో పనిలేదు. నలుగురితో కూడి వాయించడం, తన పాటను తాను కట్టుకోవడం ఈ వయసులో అలవడితే జన్మంతా నిలుస్తుంది." ఆయన జవాబు ఇంకా రాలేదు. అమ్మాయి మాత్రం ఉత్తరం చివర తన స్వంత రచన రెండు పంక్తులు స్వరలిపిలో వ్రాసి పంపింది. తండ్రిగారు వాటిని చూచారో లేదో!