మనసు జబ్బుకూ మందుల ఖర్చు ఉంటుంది
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సహాయం కోరుతూ మన సంఘానికి వచ్చే దరఖాస్తుల్లో డయాలసిస్ ఉంటుంది, కంటి ఆపరేషన్ ఉంటుంది, పిల్లల ఫీజులు ఉంటాయి. డిప్రెషన్ అని రాసిన కాగితం మాత్రం కనపడదు. ఆ జబ్బు మన వాడల్లో లేక కాదు, దాన్ని వేరే పేర్లతో పిలుస్తున్నాం. మగవాళ్లు గుండె దడ, తల బరువు అంటారు. ఈసీజీలు, స్కానింగులు అవుతాయి, రిపోర్టులన్నీ నార్మల్ వస్తాయి. ఆడవాళ్లకైతే నజర్ తగిలిందంటారు. బాలింత చిల్లా కాకముందే గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, బిడ్డ మీద ప్రేమ లేదంటారు. బళ్లో మేము చూసే రూపం ఇంకొకటి. పిల్లలు దిగులుగానే ఉండాలని లేదు. ఊరికే చిరాకు పడతారు, ఎదురు చెబుతారు, చదువు వదిలేస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరంటారు.

రెండు వారాలకు పైగా, దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం ఉంటే డాక్టరుకు చూపించాలి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పోలీసు కేసవుతుందని దాచే కుటుంబాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడమంటుంది, శిక్షించమనదు.

ఈమాన్ బలంగా ఉంటే ఇలా ఎందుకవుతుందని అడిగేవారికి ఒక మాట. హజ్రత్ యాఖూబ్ (అ) కొడుకు కోసం దుఃఖించి దుఃఖించి చూపు పోగొట్టుకున్నారు. ఆయన ఈమాన్‌ను ఎవరు శంకిస్తారు? క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ ఒకే గ్రంథంలో వైద్యం రాశారు. కారణం తెలిసిన దుఃఖాన్నీ, కారణం కనపడని దుఃఖాన్నీ ఆనాడే వేరుచేసి చూపారు. దుఆ చేద్దాం, మందూ వేద్దాం. ఒకటి రెండోదానికి అడ్డు కాదు.

ఇక దాతలతో అసలు విషయం. తేలికపాటి జబ్బుకు కౌన్సెలింగే సరిపోవచ్చు. మాత్రలు అవసరమైతే గుణం కనపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. చాలామంది పదోరోజుకే మానేస్తారు. నయమయ్యాక కూడా సాధారణంగా ఆరు నెలలైనా వాడాలి. డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. మాత్రల ఖరీదు కన్నా బస్సు ఛార్జీలు, తోడు వచ్చేవారు పోగొట్టుకునే కూలీయే కొన్ని ఇళ్లకు భారం. వేదిక మీద చెక్కు ఇచ్చి ఫొటో దిగే సాయం కాదిది. చిన్న మొత్తం, నెలనెలా, చప్పుడు కాకుండా అందాలి.

ఎర్రగడ్డకు పంపాలి అని పిల్లలు కూడా ఎగతాళి చేసుకుంటారు గానీ, ప్రతివారూ అంతదూరం వెళ్లనక్కర్లేదు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడవచ్చు. మసీదు నోటీసు బోర్డు మీద నమాజు వేళల పక్కన ఆ నంబరు రాయించమని ముతవల్లీ సాహెబులను కోరుతున్నాం. మన దరఖాస్తు ఫారంలో ఈ జబ్బుకూ ఒక గడి ఉండాలి. అది నింపినవారి పేరు కార్యదర్శి దాటి ఎవరికీ తెలియకూడదు.